ఆట మన నుండి ఏమి అడుగుతుంది?

కంప్యూటర్ ఆటల ప్రస్తావన వచ్చినప్పుడు మన కుటుంబాలలో సాధారణంగా రెండే అభిప్రాయాలు వినిపిస్తాయి. అవన్నీ పనికిమాలిన కాలక్షేపమనీ, వాటిని గడప దాటి లోపలికి రానీయరాదనీ పెద్దలు అంటారు. అందరూ ఆడుతున్నప్పుడు తాము ఆడితే తప్పేమిటని పిల్లలు అంటారు. ఈ రెండు మాటలలోనూ ఒకే లోపం ఉంది. ఆ ఆట ఏది, అందులో ఏముంది, ఆడేవారి చేత అది ఏమి చేయిస్తుంది అన్న సంగతి ఎవరూ ఎత్తరు. పుస్తకం విషయంలో మనం ఇలా ప్రవర్తించము. ఎవరు రాశారు, ఏమి చెప్పారు, ఏ వయసు వారికి తగినది అని విచారించి మరీ ఇంటికి తెచ్చుకుంటాము. ఆటల విషయంలోనూ ఆ మాత్రం విచారణ జరగవలసిన కాలం వచ్చింది.

మేము మద్రసాలో బోధించేవారము. ఇషా నమాజు ముగిసి, మరునాటి పాఠాలు చూసుకున్న తరువాత వారానికి మూడు నాలుగు రాత్రులు గంటసేపు ఆట ఆడడం మాకు కొన్నేళ్ల అలవాటు. ఈ మాట విని ఆశ్చర్యపోయే మిత్రులు ఉన్నారు. అరుగు మీద చదరంగం ఆడే పెద్దమనిషిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు కదా! నిజానికి ఆటల గురించిన వాదన మనకు కొత్తది కాదు. అబ్బాసీయుల కాలపు బాగ్దాదులో అల్ అద్లీ, అస్సూలీ వంటి చదరంగ నిపుణులు ఆ ఆట మీద గ్రంథాలు రచించారు. అదే కాలం నుండి ధర్మశాస్త్ర పండితులు దాని మంచిచెడ్డలను చర్చిస్తూ వచ్చారు. చదరంగం విషయంలో వారి మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. పందెం కాస్తే నిషిద్ధమన్న విషయంలో మాత్రం అభిప్రాయభేదం లేదు. ఈ సంగతి చివరలో మళ్లీ అక్కరకు వస్తుంది.

గత కొద్ది నెలలలో మేము ఆడిన నాలుగు ఆటల గురించి మా అభిప్రాయాలను ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము. నాలుగూ వెల చెల్లించి కొనుక్కునేవే. వెల లేని ఆటల సంగతి వేరు. దానిని విడిగా చెబుతాము.

బాగ్దాదు వీధులలో

మొదటిది "అసాసిన్స్ క్రీడ్ మిరాజ్". ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్ సంస్థ దీనిని 2023 అక్టోబరులో విడుదల చేసింది. కథ జరిగే చోటు క్రీ.శ. 9వ శతాబ్దపు బాగ్దాదు. బాసిమ్ అనే వీధి దొంగ ఒక రహస్య దళంలో చేరి, నగరాన్ని చాటునుండి ఏలుతున్న మరొక రహస్య ముఠాను వేటాడడం ఇందులోని ఇతివృత్తం. సంభాషణలను ఆంగ్లంలోనే కాక అరబీలోనూ వినవచ్చును. మేము అరబీలోనే విన్నాము. మా వంటివారికి అదొక ప్రత్యేకమైన సంతోషం.

ఈ ఆటలో మమ్మల్ని ఆకట్టుకున్నది కథ కాదు, నగరం. ఖలీఫా అల్ మన్సూర్ 762లో పునాది వేసిన వృత్త నగరం, దాని కోట గోడలు, దక్షిణాన జనసమ్మర్దం గల కర్ఖ్ ప్రాంతం, కాలువలు, తోటలు, గ్రంథాలయాలు కళ్ల ముందు నిలుస్తాయి. బస్రా, కూఫా, ఖురాసాన్, షామ్ పేర్లతో ఆ వృత్త నగరానికి నాలుగు ద్వారాలు ఉండేవని మేము తరగతిలో ఎన్నోసార్లు చెప్పాము. నల్లబల్ల మీద వలయం గీసి చూపడం వేరు, ఆ గోడ నీడలో నడిచి వెళ్లడం వేరు. నేడు ఆ నగరపు ఆనవాళ్లు నేల మీద కానరావు. అందువల్ల ఈ పునర్నిర్మాణానికి విలువ మరింత ఎక్కువ. నగరంలో 60కి పైగా చారిత్రక స్థలాల వద్ద చిన్న చిన్న వ్యాసాలు తెరుచుకుంటాయి. వాణిజ్యం, పాలన, విజ్ఞానం, విశ్వాసం, నిత్యజీవితం వంటి విషయాలను చరిత్రకారుల సహాయంతో, వస్తు ప్రదర్శనశాలల చిత్రాలతో వివరించారు. మేము తలపడవలసిన శత్రువును మరచి ఈ వ్యాసాల కోసమే వీధులు తిరిగిన రాత్రులు ఉన్నాయి.

అయితే చరిత్ర తెలిసినవారు పక్కన లేకుండా దీనిని చరిత్రగా స్వీకరించరాదు. కథాకాలమైన 861లో ఖిలాఫత్ రాజధాని బాగ్దాదు కాదు, సమర్రా. ఖలీఫా అల్ ముతవక్కిల్ ఆ యేడు, అంటే హిజ్రీ 247లో, సమర్రాలో తన తుర్కీ సైనికుల చేతిలోనే హతుడయ్యాడు. ఆట మాత్రం ఆ మరణాన్ని తన కథానాయకుని చుట్టూ అల్లుకున్నది. వృత్త నగరం కూడా అప్పటికి చెక్కుచెదరని నగరం కాదు. అమీన్, మామూన్ సోదరుల కలహంలో 812, 813 సంవత్సరాలలో జరిగిన ముట్టడికి అది బాగా దెబ్బతిన్నది. ఇక అలమూత్ కోటను రహస్య దళానికి కేంద్రంగా చూపారు. ఆ కోట హసన్ బిన్ సబ్బాహ్ చేతికి చిక్కినది 1090లో. అంటే మరి 200 ఏళ్లకు పైగా గడిచిన తరువాత!

కల్పిత కథకు ఇంతటి స్వేచ్ఛ ఉంటుంది, కాదనము. మా అసలు అభ్యంతరం మరొకటి. ఇంత సుందరమైన నగరాన్ని నిర్మించి, అందులో మన చేత అధికంగా చేయించే పని మాటువేసి మనుషులను చంపడమే. గ్రంథాలయంలో పుస్తకం తెరచి చదివే అవకాశం కంటె, దాని పైకప్పు మీద నుండి కావలివాని మీదకు దూకే అవకాశమే ఎక్కువ. ఇది పెద్దలకు మాత్రమే తగినదని వర్గీకరణలో స్పష్టంగా ఉన్నది. ఆ వర్గీకరణను గౌరవించాలని మా సలహా. పిల్లలకు ఆ నగరాన్ని చూపదలచిన ఉపాధ్యాయుడు తాను ఆడుతూ, పోరు లేని వీధులలో నడిపిస్తూ, ఇది నిజం, ఇది కల్పన అని విడమరచి చెప్పవచ్చును.

ఆకలి ముందు న్యాయం

రెండవది "దిస్ వార్ ఆఫ్ మైన్". పోలండు దేశపు 11 బిట్ స్టూడియోస్ 2014లో దీనిని రూపొందించింది. యుద్ధం మీద వచ్చే ఆటలలో ఆడేవాని చేతికి తుపాకి ఇచ్చి సైనికుని చేయడం పరిపాటి. ఇక్కడ మనము సైనికులము కాము. ముట్టడిలో చిక్కిన నగరంలో, శిథిలమైన ఒక ఇంట్లో తలదాచుకున్న సామాన్యులము. ఒకరు వంటవాడు, ఒకరు బంతి ఆటగాడు, ఒకరు పాత్రికేయురాలు. చాటునుండి కాల్చేవారి భయంతో పగలు బయటికి అడుగు పెట్టలేము. రాత్రివేళ ఒకరిని బయటికి పంపి ఆహారం, మందులు, కట్టెలు వెదకి తేవాలి.

నగరం పేరు కల్పితమే గాని, దీనికి ప్రేరణ బోస్నియాలోని సరాయెవో ముట్టడి. 1992 ఏప్రిల్ నుండి 1996 ఫిబ్రవరి వరకు 1,425 దినాలు ఆ నగరం దిగ్బంధంలో ఉన్నది. విమానాశ్రయం కింద తవ్విన సొరంగం గుండా తిండిగింజలు, మందులు చేరవేసుకుంటూ ప్రజలు బ్రతికారు. ఆ దినాలలో మన మస్జిదులలో బోస్నియా కోసం దుఆలు జరగడం మా తరం వారికి జ్ఞాపకమే. మాకు అప్పుడు తెలిసినది వార్తలలోని సంఖ్యలు మాత్రమే. ఒక్క డబ్బా ఆహారాన్ని ముగ్గురికి ఎలా పంచాలో, రోగికి ఇవ్వాలో, రాత్రి బయటికి వెళ్లేవానికి ఇవ్వాలో తేల్చుకోలేని ఇంటి పరిస్థితి ఏమిటో ఈ ఆట చెప్పింది.

ఈ ఆటలో ఒక ఇల్లు ఉన్నది. అందులో ఒక వృద్ధ దంపతుల జంట. వారి వద్ద ఆహారమూ ఉన్నది, మందులూ ఉన్నాయి. వారికి ఎదిరించే శక్తి లేదు. మన ఇంట్లో ఒకరు జ్వరంతో పడి ఉన్నారు. తీసుకుపోవచ్చును. ఆట అడ్డుపడదు, ఉపదేశమూ చేయదు. వృద్ధుడు వెంటబడి ప్రాధేయపడతాడు, అంతే. కాని ఆ మందుతో ఇంటికి తిరిగి వచ్చిన మనిషి మరునాడు దిగులుతో కూలబడతాడు. పని చెప్పినా కదలడు. మళ్లీ కొన్ని రాత్రులకు ఆ ఇంటికి వెళ్లి చూస్తే దంపతులు సజీవులుగా ఉండరు.

పై తరగతి విద్యార్థులకు, అంటే 19, 20 ఏళ్ల యువకులకు, మేము ఈ ఘట్టాన్ని చూపాము. ఒక విద్యార్థి ఇలా అడిగాడు: "ఉస్తాద్, ప్రాణం పోయే స్థితిలో నిషిద్ధమైనది కూడా అనుమతించబడుతుంది కదా! మరి ఆ మందు తీసుకోవడం నేరమెలా అవుతుంది?"

వెనుక వరుసలోని మరొకడు వెంటనే బదులిచ్చాడు: "నీ అగత్యం నీకు ఉంది సరే, ఆ ముసలాయన హక్కు ఎక్కడికి పోయింది?"

ఆనాటి తరగతి రెండు గంటలు సాగింది. అగత్యం నిషిద్ధాన్ని అనుమతిస్తుందన్న సూత్రం వారికి కంఠస్థమే. దాని పక్కనే ఉండే రెండు సూత్రాలు ఉన్నాయి. అగత్యం వలన ఇతరుల హక్కు రద్దు కాదు. ఒక హానిని అంతటి హానితోనే తొలగించరాదు. వీటినీ వారు పరీక్షల కోసం చదివినవారే. అయితే ఆ వృద్ధుని ముఖం చూసిన తరువాతనే మూడు సూత్రాలూ ఒకదానిని ఒకటి పట్టి నిలబెడుతున్నాయని వారికి బోధపడింది. 2020లో పోలండు ప్రభుత్వం ఈ ఆటను పెద్ద తరగతుల విద్యార్థులకు సిఫారసు చేసే పఠనీయాల పట్టికలో చేర్చనున్నట్లు ప్రకటించింది. ఆ నిర్ణయం మాకు సబబుగానే తోచింది. కాని ఇది చిన్నపిల్లల ఆట కాదు. మనసు బరువెక్కి ఉన్న వేళలో పెద్దలకూ తగదు.

పాస్‌పోర్టు బల్ల వెనుక

మూడవది "పేపర్స్, ప్లీజ్". లూకస్ పోప్ అనే ఒకే ఒక్క వ్యక్తి దీనిని తయారుచేసి 2013లో విడుదల చేశాడు. చూడడానికి ఏ ఆకర్షణా లేని ఆట ఇది. బూడిద రంగు బొమ్మలు, ఒక బల్ల, ఒక ముద్ర. 1982 నవంబరు. అర్‌స్తోత్స్కా అనే కల్పిత దేశపు సరిహద్దులో మనము ప్రవేశపత్రాలను తనిఖీ చేసే ఉద్యోగులము. వరుసలో ఒక్కొక్కరు వచ్చి కాగితాలు ముందుంచుతారు. పేరు, జన్మతేదీ, గడువు, ముద్ర, ఛాయాచిత్రం అన్నీ సరిపోల్చి అనుమతించాలి లేదా తిప్పిపంపాలి. ప్రతి ఉదయం కొత్త నిబంధన వస్తుంది. ఎంతమందిని సరిగా తనిఖీ చేస్తే అంత కూలి. ఇంటివద్ద భార్య, కుమారుడు, అత్తగారు, మామయ్య ఉన్నారు. అద్దె, తిండి, చలిమంట, మందులు అన్నీ ఆ కూలి నుండే రావాలి.

ఒక దినం ఒక భర్త వస్తాడు. అతని కాగితాలు సక్రమం. వెనుక తన భార్య ఉన్నదనీ, ఆమె పట్ల దయ చూపమనీ కోరి వెళ్తాడు. తరువాత ఆమె వస్తుంది. ఆమె వద్ద ప్రవేశానుమతి లేదు. ఇక ఏమి చేయాలి? పంపితే నిబంధన తప్పినట్లు. ఆ దినం మొదటి రెండు తప్పులకు హెచ్చరికతో సరిపెడతారు. ఆ తరువాత ప్రతి తప్పుకూ కూలిలో కోత. దయకు ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎవరి కంచంలో నుండి పోతుందో ఈ ఆట కాసులతో సహా లెక్క చెబుతుంది.

మన తెలుగు కుటుంబాలకు ఈ ఆట పరాయిదిగా అనిపించదు. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుండి గల్ఫుకు వెళ్లినవారి ఇళ్లలో పాస్‌పోర్టు, వీసా, ఇకామా అన్న మాటలు బియ్యం, పప్పు అన్నంత సహజంగా దొర్లుతాయి. పేరులో ఒక అక్షరం తేడా వచ్చి విమానాశ్రయం నుండి వెనక్కి తిరిగి వచ్చినవారు మన ఊళ్లలో లేరా? మనము ఎల్లప్పుడూ బల్లకు ఇవతల నిలబడినవారము. ఈ ఆట మనలను బల్లకు అవతల కూర్చోబెడుతుంది. అక్కడ కూర్చున్న మనిషి క్రూరుడై ఉండనవసరం లేదనీ, అలసట, భయం, ఇంటి అద్దె కలిసి మంచివానిచేత కూడా ఎదుటి మనిషిని కాగితంగా చూసే అలవాటు చేయిస్తాయనీ మాకు ఇక్కడ అర్థమైంది. న్యాయం చేసే బల్ల వెనుక ఎప్పుడైనా కూర్చోబోయే యువకులు, అది తహసీలు కార్యాలయమైనా, మస్జిదు కమిటీ అయినా, ఒకసారి ఆడదగిన ఆట ఇది. తనిఖీ దృశ్యాలలో కొన్ని నగ్న చిత్రాలు ఉన్నాయి. అమరికలలో వాటిని నిలిపివేసే వీలున్నది. ముందుగా ఆ పని చేసి ఆరంభించాలి.

పొలం పిలిచే పిలుపు

నాలుగవది "స్టార్‌డ్యూ వ్యాలీ". ఎరిక్ బరోన్ అనే యువకుడు చిత్రాలు, సంగీతం, కథ అన్నీ తానే సమకూర్చి నాలుగేళ్లకు పైగా శ్రమించి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. 2024 చివరికి దీని ప్రతులు 4 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. కార్యాలయపు ఉద్యోగంతో విసిగిన మనిషికి తాత వదలిపోయిన పొలం దక్కుతుంది. నేల బాగుచేయాలి, విత్తాలి, నీరు పెట్టాలి, కోళ్లను, ఆవులను సాకాలి, ఊరివారితో స్నేహం చేసుకోవాలి. కత్తి పట్టవలసిన సందర్భాలు గనిలో తప్ప దాదాపు లేవు.

మా ఇంట్లో అందరికీ నచ్చిన ఆట ఇదే. మా శ్రీమతి కూడా పక్కన కూర్చుని గుమ్మడికి నీరు పెట్టలేదని గుర్తు చేసేవారు. ఊరివారి పుట్టినదినాలు గుర్తుంచుకోవడం, ఎవరికి ఏది ఇష్టమో తెలుసుకుని కానుక ఇవ్వడం వంటి సత్ప్రవర్తన ఇందులో ఆటకు ఆయువు. ఐతే రెండు మాటలు చెప్పక తప్పదు. ఊరిలో మద్యశాల ఉన్నది, పండ్లతో మద్యం చేసి అమ్మే వీలున్నది, ఎడారిలో జూదశాల ఉన్నది. వీటిని ముట్టకుండానే పొలం చక్కగా సాగుతుంది. మేము అలాగే సాగించాము. పిల్లలు ఆడితే ఈ సంగతి ముందే మాట్లాడుకోవడం మంచిది.

రెండవది కాలం. ఆటలోని ఒక దినం మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. ఆ దినం ముగించి నిద్రించినప్పుడే ఆట భద్రపరచబడుతుంది. కన్ను తెరిచేసరికి రేపటి పంట కోతకు సిద్ధంగా ఉంటుంది. ఇంకొక్క దినం అనిపిస్తుంది. ఆ ఒక్క దినం నాలుగైనప్పుడు గంట గడిచిపోయినట్లే. అందుకే మేము ఒక నియమం పెట్టుకున్నాము. ఒక రాత్రికి మూడు దినాలు, అంతకు మించి లేదు. మరొక సంగతి కూడా చెప్పాలి. ఈ పొలంలో వాన మోసం చేయదు, విత్తనం నకిలీది కాదు, ధర పడిపోదు, అప్పులవాడు గుమ్మం ముందు నిలబడడు. సేద్యం ఇంత తేలికని పట్టణపు పిల్లలు అనుకోకుండా, వారిని ఏడాదికి ఒకసారైనా నిజమైన పొలం గట్టు మీద నడిపించాలి.

వెల లేని ఆటల వెల

పైన చెప్పిన నాలుగింటికీ ఒక పోలిక ఉన్నది. వాటిని ఒక్కసారి కొనుక్కుంటే చాలు. ఆటను ముగించడానికి మళ్లీ డబ్బు కట్టనవసరం లేదు. ఇప్పుడు మన పిల్లల చేతులలో ఉన్న ఫోన్లలో అధిక భాగం ఆటలు ఇందుకు విరుద్ధం. దించుకోవడానికి రూపాయి అవసరం లేదు. ఆ తరువాత రత్నాలు, నాణేలు, తుపాకులకు కొత్త రంగులు, దుస్తులు అమ్ముతారు. వాటిలో ఒక రకం మరీ ప్రమాదకరమైనది. అదే మూసిన పెట్టె. డబ్బు కట్టి పెట్టె తెరవాలి. లోపల విలువైనది ఉండవచ్చును, పనికిరానిది ఉండవచ్చును.

మా మొహల్లాలో 8వ తరగతి చదివే బాలుడు తండ్రి ఫోను నుండి చిన్న చిన్న మొత్తాలుగా 6 వేల రూపాయలకు పైగా ఇలాంటి పెట్టెల మీద ఖర్చుచేశాడు. తండ్రి ఆటో నడుపుతారు. ఆయన కుమారుని మా వద్దకు తీసుకువచ్చారు. పిల్లవాడు తలవంచుకుని అన్న మాట ఇది: "ఇన్నిసార్లు తెరిచినా ఆ ఒక్క తుపాకీ రాలేదు ఉస్తాద్." పోయిన డబ్బు కంటె రాని తుపాకీ గురించే అతని బాధ. పందెం మనిషి మనసును ఎలా పట్టుకుంటుందో ఆ ఒక్క మాటలో ఉన్నది. ఆ పిల్లవాడిని దొంగ అనడం సులభం. ఆ పెట్టెను తయారుచేసిన పెద్దలను ఏమనాలి?

బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ 2018లోనే ఇటువంటి పెట్టెలు తమ జూద చట్టానికి విరుద్ధమని తేల్చింది. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అయితే ఈ చట్టాల గురి ప్రధానంగా డబ్బు గెలిచే ఆశతో డబ్బు పెట్టే ఆటల మీదనే. బొమ్మ తుపాకీ గెలిచే ఆశతో డబ్బు పెట్టే పిల్లవానికి ఇంటి కాపలాయే మొదటి కాపలా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆటల వ్యసనాన్ని తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అది 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. ఆట మీద అదుపు తప్పడం, చదువు, నిద్ర, ఇతర పనుల కంటె ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్లకు కనబడుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. ఎక్కువసేపు ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాడు. ఈ మూడూ నెలల తరబడి కలిసి కనిపిస్తే మాత్రం బెత్తం కాదు, వైద్యుడు కావాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవాని చేతిలోని ఫోను లాక్కునే ముందు అతని పక్కన కూర్చుని ఆ ఆటను ఒక గంట చూడండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఆపమన్నప్పుడు ఆగనిస్తుందా? మధ్యలో డబ్బు అడుగుతుందా? ఆడేవాని చేత ఎక్కువగా ఏ పని చేయిస్తుంది? ఆట ముగిసిన తరువాత పిల్లవాడు దాని గురించి మనతో మాట్లాడగలుగుతాడా, లేక విసుక్కుంటాడా? వీటికి సమాధానం దొరికితే ఏ ఆట ఉంచాలో, ఏది తీసివేయాలో మరొకరు చెప్పనవసరం లేదు. పక్కన కూర్చున్న ఆ గంట వృథా పోదు. ఆ ఆటో సోదరుడు ఇప్పుడు ఆదివారాలలో కుమారునితో కలిసి గుమ్మడి తోటకు నీరు పెడుతున్నారు. డబ్బు కట్టే రహస్య సంఖ్య మాత్రం పిల్లవాని తల్లికి తప్ప ఇంట్లో మరెవరికీ తెలియదు.